పెద్దింటి పేరు

"ఆ పేరు తప్ప ఇంకే పేరైనా పెట్టుకో" అంది సిమోన్.

మంచం వైపు తిరగకుండానే అంది. జ్ఞానస్నానపు తెల్ల గౌను బల్ల మీద పరిచి, దాని అంచు మడతలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేస్తోంది.

పురిటి మంచంలో ఇర్మా దిండు వెనక్కి నెట్టి లేచి కూర్చుంది. పక్కలో ఐదు రోజుల పిల్ల ఉలిక్కిపడి పిడికిళ్లు గాల్లోకి విసిరింది.

"ఏం? ఆ పేరుకేమైంది?"

"ఏమీ కాలేదు. వద్దంటున్నాను."

"నా పిల్లకి నాకిష్టమైన పేరు పెట్టుకుంటానంటే వద్దనడానికి మీరెవరు అక్కయ్యా?"

"రేపు గుడిలో దాన్ని ఎత్తుకుని నిలబడేది నేను. పేరేమిటని ఫాదరీగారు అడిగేది నన్ను."

ఆ మాటే నాలుగు రోజులుగా ఇర్మాని తొలిచేస్తోంది. జ్ఞానస్నానానికి కన్నతల్లి వెళ్లదు. పురిటి మంచం దిగని ఆడది గుడి గడప తొక్కకూడదు. బిడ్డని జ్ఞానతల్లి ఎత్తుకెళ్తుంది. అక్కడ ఆవిడ నోట ఏ పేరు వస్తే ఆ పేరే బిడ్డకి జన్మంతా. తిరిగి వచ్చాక తల్లి చెవిన వేస్తారు. జ్ఞానతల్లి పెద్ద కోడలు సిమోనే అని ఇర్మాకి నొప్పులు మొదలవక ముందే అత్తగారు తేల్చేసింది.

ఆ అత్తగారు ఓర్తాన్స్ పొయ్యి దగ్గర నిలబడి బఠాణీ సూప్ కలుపుతోంది. కోడళ్లిద్దరూ మాటకి మాట అనుకుంటుంటే ఆవిడ కళ్లు గిన్నెలోనే ఉంటాయి. చెవులు మాత్రం ఇటే.

సిమోన్ పట్నం పిల్ల. కాన్వెంటులో పియానో నేర్చుకున్న చేతులు. ఏడేళ్ల కిందట పెద్దకొడుకు ఒనెజీమ్‌ని చేసుకుని, ఏటి ఒడ్డున ఉన్న పెద్దింటికి కాపురానికి వచ్చింది. గుట్ట మీది ఈ ఇల్లు చిన్నకొడుకు ఆల్సీద్‌ది, ఇర్మా మొగుడిది. పిల్లలు కలగలేదు. ఒళ్లో ఎవరూ లేని మనిషి పొద్దు గడవడానికి ఒక పని వెతుక్కుంది. అత్తింటి వంశాన్ని తవ్వడం. ఫాదరీగారిని విసిగించి, సమాధిరాళ్ల మీద నాచు గోకి, ముసలివాళ్ల కాళ్ల దగ్గర కూర్చుని, ఫ్రాన్సు నుంచి ఓడ దిగిన మొదటి సిపాయి దాకా వెళ్లింది. ఇప్పుడు చుట్టాలెవరొచ్చినా పెద్దకోడల్ని కూర్చోబెట్టి తరాలు చెప్పించడం ఓర్తాన్స్‌కి ఒక వేడుక.

"మాతురాన్ గాన్యే ఉరఫ్ సాన్‌సూసీ" అని జపమాల తిప్పుతున్నట్టు మొదలుపెట్టేది సిమోన్. రాజుగారి పటాలంలో ప్రతి సిపాయికీ ఒక మారుపేరు తగిలించేవాళ్లట. ఫిరంగులు మోగుతున్నా గురకపెట్టి నిద్రపోయే ఆ మాతురాన్‌కి సాన్‌సూసీ అని పెట్టారు. దిగుల్లేనివాడని. ఆ మారుపేరే పిల్లలకీ మనవలకీ ఇంటిపేరై కూర్చుంది. పెద్దింటివాళ్లు మాత్రం సమాధిరాయి మీద గాన్యే కూడా చెక్కించుకుంటారు. మిగతా శాఖలవాళ్లంతా ఉత్త సాన్‌సూసీలు.

పెళ్లినాడు ఆ ఇంటిపేరు అర్థం తెలిసి ఇర్మాకి నవ్వొచ్చింది. పుట్టింటి నుంచి దిగులు తప్ప ఏమీ తెచ్చుకోని తనకి దిగుల్లేనివాళ్ల పేరు! అసలు పుట్టిల్లంటూ ఏముంది? క్యూబెక్‌లో ఒక మఠం మెట్ల మీద ఎవరో వదిలి వెళ్లిన గుడ్డమూట. సకల పునీతుల పండగనాడు దొరికింది కనక మఠకన్యలు ఆ పండగనే ఇంటిపేరు చేసేశారు. తూసాన్. ఆ రోజే ఇంకో ఇద్దరు పిల్లలు దొరికారు. వాళ్లూ తూసాన్‌లే. చుట్టాలు మాత్రం కారు.

సిమోన్ తరాలు చెబుతున్నంతసేపూ ఇర్మా వంటింట్లో గిన్నెలు తోముతూ వినేది. తోడికోడలి టోపీల మీద కాదు, తోలు గ్లౌజుల మీద కాదు తన అసూయ. ఆవిడ వెనక్కి తిరిగితే చూడ్డానికి అంతమంది నిలబడి ఉన్నారే, దాని మీద. నిజానికి వాళ్లు ఆవిడ తాతలు కూడా కారు, మొగుడి తాతలు. ఆ లెక్కన తనకీ తాతలే. అయినా ఆవిడ నోట్లోంచి వస్తే ఆవిడ సొత్తులాగే ఉండేవాళ్లు.

ఆ వరసలో ఒక్క పేరు ఇర్మాని పట్టుకుని వదల్లేదు. పెరిన్. సిపాయిలకి పెళ్లాలు కావాలని రాజుగారు ఓడెక్కించి పంపిన ఆడపిల్లల్లో మాతురాన్ పెళ్లాడిన పిల్ల. అప్పటినుంచీ ఆ వంశంలో తరానికొక పెరిన్, ఆ తరంలో మొదట పుట్టిన ఆడపిల్ల. ఎనభై దాటిన పెరిన్ మామ్మే ఆఖరు. ఆవిడ తర్వాత రెండు తరాలు వరసగా మగపిల్లలే పుట్టారు. అప్పట్నుంచీ పేరు ఖాళీగా ఉంది.

మంగళవారం తెల్లారేసరికి ఇర్మాకి ఆడపిల్ల పుట్టింది.

"అది పెద్దింటి పేరు, ఇర్మా" సిమోన్ గొంతు తగ్గించింది. "అన్ని తరాలూ చూశాను. ఆ పేరు పెద్దిల్లు దాటలేదు. ఏ పెరిన్ అయినా పెరిగింది అక్కడే."

"అబద్ధం!"

గిన్నెలో గరిటె ఆగింది.

"పెరిన్ మామ్మ పుట్టింది ఎక్కడ? పెద్దింట్లోనా? రంపపు మిల్లు పక్కన ఎల్జేయార్ ఇంట్లో. ఎల్జేయార్ ఎవరు, పెద్దకొడుకా? చిన్నకొడుకు! మామ్మే చెప్పింది, మొన్న నా పొట్ట మీద చెయ్యి వేసి మరీ. చిన్నకొడుకు కూతురికి అప్పుడు లేని అడ్డం నా మొగుడి కూతురికి ఇప్పుడెందుకొచ్చింది? చచ్చిపోయినవాళ్లందర్నీ తవ్వారు కదా అక్కయ్యా, బతికున్న మనిషిని అడగడం మర్చిపోయారా?"

అంత మాట తన నోట్లోంచి వచ్చినందుకు ఇర్మాకే ఆశ్చర్యమేసింది. చదువులో, నడకలో, చెంచా పట్టుకోవడంలో ప్రతిదాంట్లో తన మీద నెగ్గే మనిషి ఇవాళ ఆవిడ తవ్విన గోతిలో ఆవిడే పడింది. ఆ ఆనందం వేడిపాలలా ఒళ్లంతా పాకింది.

సిమోన్ మొహం పాలిపోయింది. ఆవిడ ఇర్మాని చూడలేదు. అత్తగారిని చూసింది. అత్తగారూ ఆవిడనే చూసింది. ఆ చూపు మామూలు చూపు కన్నా పొడుగ్గా సాగింది.

"అమ్మాయి చెప్పింది నిజమే" అంది ఓర్తాన్స్ చివరికి. "పెరిన్ పిన్ని ఎల్జేయార్ కూతురే."

"అత్తయ్యా, మీరు ఆ మిగతాది..."

"ఇస్త్రీ పెట్టె చల్లారిపోతోంది. ముందది చూడు."

ఓర్తాన్స్ చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చింది. వంగి, పిల్ల బుగ్గ మీద వేలు ఆనించింది. ఇర్మా ఈ ఇంటికి కోడలై రెండేళ్లయినా ఆమెని ఏనాడూ 'అమ్మాయ్' అని తప్ప పిలవని మనిషి, ఇవాళ మెత్తగా పిలిచింది.

"నీకంత మనసుంటే అలాగే కానీ అమ్మా. పెరిన్ అనే పెడదాం. నువ్వే అడిగావు సుమా. రేపు ఎవరూ నేను బలవంతపెట్టానని అనకూడదు."

"ఎవరంటారు అత్తయ్యా! నేనే కదా అడిగింది!"

"అదీ. ఆ మాట చాలు."

బల్ల దగ్గర సిమోన్ ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుడ్డ మీద పెట్టనూ లేదు, పొయ్యి మీద పెట్టనూ లేదు.

---

మధ్యాహ్నం ఓర్తాన్స్ కోళ్లకి గింజలు వెయ్యడానికి పెరట్లోకి వెళ్లింది. ఆ వెనకే తలుపు దగ్గరగా వేసి, సిమోన్ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఒకసారి ఇస్తావా?"

ఇవ్వనని ఎలా అంటుంది? ఇర్మా పిల్లని అందించింది.

పొద్దున్నుంచీ తన ఒళ్లో గింజుకుంటున్న పిల్ల ఆ చేతుల్లోకి వెళ్లగానే ఊరుకుంది. ఆవిడ రవిక దగ్గర లావెండర్ వాసన. దానివైపే ముక్కు తిప్పి కళ్లు మూసుకుంది. ఇర్మాకి చేతులు ఖాళీగా, చలిగా అనిపించాయి.

"బరువే లేదు" అంది సిమోన్.

"మోసినవాళ్లకి తెలుస్తుందిలెండి బరువు."

సిమోన్ కిటికీలోంచి పెరటివైపు ఒకసారి చూసింది.

"ఇర్మా, పెద్దావిడ లేనప్పుడు చెబుతున్నాను. పేరు మార్చు. రోజ్ అని పెట్టు. అన్నెట్ అని పెట్టు. లేకపోతే నీ పేరే పెట్టు. గుడిలో ఏది చెప్పమంటే అదే చెబుతాను, ప్రమాణం చేస్తాను. ఆ ఒక్కటీ తప్ప."

"నా పేరా!" ఇర్మా నవ్వింది. "మఠంలో మా మంచాల వరసలో ఇర్మాలు నలుగురుండేవాళ్లం. సిస్టరు ఒక్క కేకేస్తే నలుగురం పరిగెత్తేవాళ్లం. అలాంటి పేరు నా పిల్లకా?"

"నీ పేరు మీద ఎవరి చెయ్యీ లేదు. అదెంత అదృష్టమో నీకు తెలీదు."

"అదృష్టమట! అన్నీ ఉన్నవాళ్లకి లేనివాళ్ల బతుకు ఎంత ముద్దొస్తుందో చూడండి."

"నేను చెప్పేది కొంచెం విను. ఆ పేరు వెనకాల ఒక..."

"నాకు తెలుసు!"

పిల్ల ఇంకా ఆవిడ రవికకే అతుక్కుని ఉంది. అది చూస్తుంటే 'మీరు' అన్న మర్యాద దానంతటదే జారిపోయింది.

"ఆ పేరు వెనకాల ఏముందో నాకు బాగా తెలుసు. నీకు పుట్టబోయేదానికి దాచిపెట్టుకున్నావు. ఏడేళ్లుగా దాస్తున్నావు కదూ? ఇంకో ఏడేళ్లు దాచుకో. చెదలు పట్టకుండా చూసుకో."

పెరట్లో ఓర్తాన్స్ కోళ్లని పిలుస్తున్న గొంతు వినిపిస్తోంది.

సిమోన్ పిల్లని తల్లి పక్కలో పడుకోబెట్టింది. దుప్పటి అంచు పరుపు కిందికి దోపింది. లేచి గ్లౌజులు తీసుకుని వేలు వేలునీ లాగి తొడుక్కుంది. ఎంతసేపు తొడుక్కుందో! ఆగమంటే ఆగేలా ఉంది. ఇర్మా గోడవైపు తిరిగింది.

"చలిగా ఉంది. పిల్లకి టోపీ తొడుగు" అని, అంతే అని, వెళ్లిపోయింది.

ఇర్మాకి మొదట బాగా అనిపించింది. తర్వాత బాగా లేదనిపించింది. లేచి పిల్లకి టోపీ తొడుగుదామని చూసి, ఆవిడ చెప్పింది కదా అని తొడగకుండా ఊరుకుంది. కాసేపటికి పిల్ల తుమ్మితే ఏడుస్తూ తొడిగింది.

---

సాయంత్రం మొగుడు ఆల్సీద్ మిల్లు నుంచి వచ్చేసరికి జుట్టునిండా రంపపు పొట్టు. పక్క గదిలో ఓర్తాన్స్ రేడియో ముందు మోకాళ్ల మీద కూర్చుని, బిషప్‌గారితోపాటు జపమాల చెబుతోంది. ఇర్మా మంచం మీదే కంచం పెట్టుకుంది. అతను పక్కన స్టూలు లాక్కుని, నల్లపిండి అట్టుని చెరకు మడ్డిపాకంలో ముంచుతున్నాడు.

"ఏమయ్యా, ఒక మాట చెబితే ఎగిరి గంతేస్తావు."

"నువ్వు గంతెయ్యకు. కుట్లు ఊడతాయి."

"పిల్ల పేరు పెరిన్."

అట్టు అతని నోటి దగ్గర ఆగింది. పాకం చొక్కా మీద కారింది.

"అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

"అమ్మే? తనంతట తనే?"

"నేనడిగాను, ఒప్పుకుంది. ఏం, మీ వదినగారి అనుమతి కూడా కావాలా? అదీ అయింది. నోరు మూయించాను."

ఆమె అనుకున్న నవ్వు అతని మొహంలోకి రాలేదు. తొట్టి లేకపోవడంతో బీరువా సొరుగులో పడుకోబెట్టిన పిల్లవైపు తిరిగి చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

"నువ్వడిగావా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"ఎన్నిసార్లు చెప్పాలి? అవును. అయినా మీ అన్న ఆ ఉయ్యాల తొట్టి తెస్తానని నెల్లాళ్లయింది. పెద్దింటి ఉయ్యాల మన గుమ్మంలోంచి పట్టదా? పెరిన్ సొరుగులో పడుకుంటే చూసేవాళ్లు నవ్వరూ?"

"అమ్మే వద్దంది."

"ఏమని?"

"ఎందుకు మొయ్యడం, అక్కడే ఉండనీ అంది." అతను లేచాడు. "కట్టెలు తెస్తా."

"పెట్టెనిండా ఉన్నాయి కదా!"

అతను అప్పటికే చలికోటు తొడుక్కుని గుమ్మం దాటాడు. చాలాసేపు గొడ్డలి చప్పుడు వినిపించింది. అవసరం లేని కట్టెలు అంత గట్టిగా ఎందుకు కొడుతున్నాడో ఇర్మాకి అర్థం కాలేదు. మొగవాళ్లకి ఆడపిల్ల పుడితే కొంచెం బెంగ ఉంటుందట, అదే కాబోలు అనుకుంది. అనుకుని, ఆ పేరు పెదాల మీదికి తెచ్చుకుని సొరుగులోకి వంగి పిలిచింది.

"పెరిన్. ఓ పెరిన్. నీ వెనక ఎంతమందున్నారో తెలుసా?"

---

ఆదివారం పొద్దున్నే ఒనెజీమ్ నల్ల కారు వచ్చి గుమ్మం ముందు ఆగింది. అందులోంచి ముందుగా పెరిన్ మామ్మని దింపారు, కుర్చీతో సహా ఎత్తినట్టే.

"గుడి మెట్లు ఎక్కలేను, బాలింతకి కాపలా ఉంటాను" అంది మామ్మ. "నా పేరు పెట్టుకునే పిల్ల ఏదీ? ఇలా చూపించండి. అబ్బ, ముక్కు సాన్‌సూసీలదే పాపం."

అందరూ నవ్వారు. సిమోన్ నవ్వలేదు. బూడిదరంగు కోటు, చిన్న టోపీ. కళ్ల కింద నల్లగా ఉంది. పిల్లకి తెల్లగౌను తొడిగి, శాలువా చుట్టి ఎత్తుకుంది.

ఓర్తాన్స్ ఒక సంచీ సర్దింది. ఇర్మా మంచంలోంచి చూస్తూనే ఉంది. గుడ్డలు, ఇంకా గుడ్డలు, ఉన్ని మేజోళ్లు, కొత్త పాలసీసా.

"ఇంత సామానెందుకు అత్తయ్యా? వెళ్లి రావడానికి?"

"చలికాలం అమ్మా. గుడిలో ఎంతసేపవుతుందో. పిల్ల ఏడిస్తే ఏం చేస్తాం?"

పాలసీసా! దాన్ని చూస్తే ఇర్మాకి రొమ్ములు సలిపాయి. తన పాలు ఉండగా ఆ సీసా సిమోన్ చేత్తో పట్టడమేమిటి? అందామనుకుంది. పేరు దక్కింది కదా, ఈ ఒక్కపూట ఊరుకుందాం అనుకుంది.

గుమ్మం దగ్గర సిమోన్ ఆగింది. అందరూ కారు దగ్గరికి వెళ్లిపోయారు. ఆల్సీద్ టోపీ చేతిలో తిప్పుతూ కిందికే చూస్తూ వెళ్లాడు, పెళ్లానికి ఒక్క మాట చెప్పకుండా.

"ఆఖరిసారి అడుగుతున్నాను, ఇర్మా. ఆ పేరేనా?"

నిన్నటి మాట ఇద్దరి మధ్యా గదిలో ఇంకా ఉంది. ఆవిడ శాలువా అంచుని పిడికిట్లో నలిపేస్తోంది. ఓర్వలేక, అనుకుంది ఇర్మా. ఓర్వలేకే.

"ఆ పేరే."

సిమోన్ తల ఊపింది. శాలువా పిల్ల మొహం మీదికి లాగి, బయటికి నడిచింది.

కారు చప్పుడు దూరమైంది. మామ్మ పొయ్యి పక్కన సర్దుకుని కూర్చుని, జేబులోంచి మట్టి పొగాకు గొట్టం తీసి, పురిటిల్లు కదా అని వెలిగించకుండా ఉత్తినే పీల్చింది.

"మామ్మా, మొదటి పెరిన్ గురించి చెప్పండి. నోటరీగారి కూతురట కదా."

"ఎవరు చెప్పారు, ఓర్తాన్సా? నోటరీ లేదు, గాడిదగుడ్డు లేదు. పారిస్‌లో అనాథల ఆశ్రమంలో పెరిగిన పిల్ల. తల్లి ఎవరో తండ్రి ఎవరో. ఒక పెట్టె, రెండు టోపీలు, సూదులు ఇచ్చి ఓడెక్కించారు. మీ సిమోన్‌కి తెలుసు. అత్తగారికి కోపమొస్తుందని ఆ ముక్క మింగేసి చెబుతుంది. నీలాంటిదే ఆవిడ."

ఇర్మాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరికన్నా ముందు నిలబడి ఉన్నది తనలాంటిదేనా! ఆ పేరు అడగడానికి ఈ ఊళ్లో తనకన్నా ఎవరికి ఎక్కువ హక్కుంది? ఇది తెలిసి కూడా సిమోన్ చెప్పలేదంటే, ఎంత కుళ్లు!

అప్పుడే గంట మోగింది. చలిగాల్లో తేటగా, ఏటి మీదినుంచి తిరిగి వస్తూ.

"అయిపోయింది" అంది మామ్మ, శిలువ గుర్తు వేసుకుని. "పెరిన్ పుట్టింది."

ఇర్మా దిండులో మొహం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది. మామ్మ ఆమెనే చూస్తోంది.

"నువ్వు గట్టిదానివే పిల్లా. మా అమ్మ ఇలా నవ్వలేదట."

"ఎప్పుడు?"

"నా గంట మోగినప్పుడు. చెవుల్లో దూది పెట్టుకుందట. నన్ను గుడి నుంచి నేరుగా పెద్దింటికి తీసుకెళ్లారు కదా."

"నేరుగానా? చూపించడానికా?"

మామ్మ నోట్లోంచి గొట్టం తీసింది. ముడతల మధ్య కళ్లు చిన్నవయ్యాయి.

"చూపించడానికేమిటి? ఉండడానికి. పేరు పెద్దింటిది. పేరున్న పిల్లా పెద్దింటిదే. చిన్నకొడుక్కి పుడితే తల్లి తనంతట తాను ఆ పేరు అడగాలి. అడిగిందంటే పిల్లని ఇచ్చేసినట్టు. ఎవరూ బలవంతం చెయ్యరు. మా అమ్మకి అప్పటికే అరడజను మంది, అందరూ మగపిల్లలే. తిండికి చాలక అడిగింది. తర్వాత ప్రతి ఆదివారం గుడిలో వెనక బల్ల మీద కూర్చుని నా జడలు చూసేది. నేను పిన్నీ అనేదాన్ని. నా పెళ్లినాటిదాకా పిన్నీ అనే పిలిచాను."

ఇర్మా మోచేతుల మీద లేచి మామ్మ మొహంలోకి చూసింది.

"నీకు తెలీదా?" మామ్మ గొంతు మారిపోయింది. "ఓర్తాన్స్ చెప్పలేదూ? నీ మొగుడు? తెలిసే అడిగావనుకున్నానే తల్లీ! మఠం నుంచి వచ్చిన పిల్ల కదా, ఇచ్చెయ్యడం దీనికి అంత కష్టంగా ఉండదేమో అనుకున్నాను."

నువ్వే అడిగావు సుమా. ఆ మాట చాలు. ఉయ్యాల అక్కడే ఉండనీ. గుడ్డలు, ఇంకా గుడ్డలు, కొత్త పాలసీసా. పెరట్లో గొడ్డలి. ఆ పేరు వెనకాల ఒక...

ఒక ఏమిటి? ఆ మాట పూర్తి చెయ్యనివ్వనిది ఎవరు?

"లేవకు, లేవకు! రక్తం పోతుంది!" మామ్మ అరుస్తూనే ఉంది.

ఇర్మా నేల మీద కాళ్లు పెట్టింది. చెక్కలు మంచులా ఉన్నాయి. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, కిటికీ దాకా వెళ్లింది. గుట్ట మీది ఇల్లు కనక కింద ఏటి ఒడ్డు దారంతా కనిపిస్తుంది. గుడి శిఖరం, బోసిపోయిన పొలాలు, దారి రెండుగా చీలే చోట చెక్క శిలువ. అక్కడినుంచి కుడివైపు ఎక్కితే ఈ ఇల్లు. ఎడమవైపు దిగితే పెద్దిల్లు.

నల్ల కారు వస్తోంది. నెమ్మదిగా, బురదలో ఊగుతూ.

శిలువ దగ్గర ఆగింది.

ఎందుకు ఆగింది? ఎవరూ ఆపమనకపోతే అది ఎటో ఒకవైపు తిరిగేది. లోపల ఏదో గొడవ జరుగుతున్నట్టుంది. వెనక తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. బూడిదరంగు కోటు బయటికి దిగింది. చేతుల్లో తెల్లటి మూట. కారు కిటికీలోంచి ఓర్తాన్స్ చెయ్యి చాచి ఉంది, పిలుస్తోందో, ఇమ్మంటోందో. అవతలి తలుపు లోంచి ఆల్సీద్ సగం దిగి, అలాగే నిలబడిపోయాడు.

సిమోన్ రెండు దారుల మధ్యా నిలబడింది. మూటని గుండెకి ఇంకా దగ్గరగా లాక్కుంది. ఏడేళ్లు ఖాళీగా ఉన్న చేతులు అవి. నిన్న చెదలంటూ తను ఎత్తిపొడిచింది ఆ చేతుల్నే.

"అక్కా!" అని అరిచింది ఇర్మా. "అక్కా, సిమోన్!"

చలికాలానికని కిటికీ సందులన్నీ ఆల్సీద్ కాగితం అంటించి మూసేశాడు. ఆ కేక అద్దానికి తగిలి గదిలోనే పడింది.

కింద, బూడిదరంగు కోటు కదిలింది. అడుగు వేసింది. ఇంకో అడుగు.

ఏ దారిన వేసిందో చూద్దామని ఇర్మా మొహాన్ని అద్దానికి ఆనించింది. తన ఊపిరే ఆవిరై అద్దమంతా కమ్మేసింది.